మాట్లాడని కంప్యూటర్ ల్యాబులు

ఇంజనీరింగ్‌లోనో బీసీఏలోనో సి భాష నేర్చుకున్నవారికి టర్బో సి నీలి తెర గుర్తుండే ఉంటుంది. బోర్లాండ్ కంపెనీ డాస్ కాలంలో తయారుచేసిన ఆ సాఫ్ట్‌వేర్ మన కళాశాలల్లో కొన్నింట ఇప్పటికీ నడుస్తోంది. నేటి విండోస్ మీద అది నేరుగా పనిచేయదు. అందుకని డాస్‌బాక్స్ అనే మరో ప్రోగ్రాము లోపల దాన్ని తెరుస్తారు. ఆ తెర మీద కనిపించే ప్రతి అక్షరమూ విండోస్ లెక్కలో బొమ్మ మాత్రమే. చూపున్న విద్యార్థికి ఈ తేడాతో పనిలేదు, అక్షరమైనా అక్షరం బొమ్మయినా కంటికి ఒకటే. స్క్రీన్ రీడర్ సాయంతో వింటూ పనిచేసే విద్యార్థికి మాత్రం అక్కడ ఏమీ దొరకదు. కిటికీ పేరు ఒకసారి ఇయర్‌ఫోన్‌లో వినిపిస్తుంది. ఆ తర్వాత ఏ మీట నొక్కినా మౌనమే.

సి పక్కనపెట్టి పైథాన్‌తో మొదలుపెడదామంటే అక్కడా ఇదే తంతు. పైథాన్‌తో పాటు ఉచితంగా వచ్చే ఐడిల్ ఎడిటర్‌లోనే చాలాచోట్ల తొలి పాఠం చెబుతారు. ఐడిల్‌ను టీకే అనే పాత పరికరాల సముదాయంతో కట్టారు. తన లోపల ఏముందో స్క్రీన్ రీడర్‌కు చెప్పే ఏర్పాటు టీకేలో ఏళ్ల తరబడి లేదు. అంటే మన ల్యాబుల్లో కొత్తవాళ్లకు మొదట తెరిచే రెండు తలుపులూ చూపులేనివారికి మూసే ఉన్నాయి.

ఇంతకూ ఈ ఇబ్బంది ఆ విద్యార్థి దగ్గర స్క్రీన్ రీడర్ లేక కాదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వచ్చి, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయకుండానే నడుపుకోవచ్చు. కోడ్ రాసే తెలివికీ కొదవలేదు. ల్యాబు కోసం ఎవరో ఎంచిన సాఫ్ట్‌వేర్ అతనికి అడ్డుపడుతోంది. మరొకటి ఎంచితే ఆ అడ్డు తొలగుతుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. నేను చెప్పదలచినది ఇదే.

స్క్రీన్ రీడర్‌తో కోడ్ ఎలా రాస్తారో చూడని అధ్యాపకులు ఎక్కువ. కనుక కాస్త వివరంగా చెప్పాలి. మౌస్ ముట్టుకోరు. కింది బాణం మీట నొక్కితే తర్వాతి వరుస వినిపిస్తుంది, పక్క బాణం నొక్కితే ఒక్కో అక్షరం వినిపిస్తుంది. మామూలు అమరికలో ఎన్‌వీడీఏ సెమికోలన్లనూ బ్రాకెట్లనూ చాలావరకు చదవకుండా వదిలేస్తుంది. కథలు, వార్తలు వినడానికి అదే హాయి. కోడ్‌లో సెమికోలన్ వినబడకపోతే కొంప మునుగుతుంది. అందుకే ప్రోగ్రామర్ మొదట విరామచిహ్నాలన్నీ చదివేలా అమరిక మార్చుకుంటాడు. అప్పుడు ఒక మామూలు ఫర్ లూప్ చెవికి ఇలా చేరుతుంది: ఫర్ లెఫ్ట్ పారెన్ ఇంట్ ఐ ఈక్వల్స్ జీరో సెమీ ఐ లెస్ టెన్ సెమీ ఐ ప్లస్ ప్లస్ రైట్ పారెన్ లెఫ్ట్ బ్రేస్. కొత్తగా వినేవారికి ఇది గందరగోళమే. అలవాటుపడిన చెవి మామూలు మాట కన్నా రెండింతలు, మూడింతల వేగంతో విని కూడా ఏ బ్రాకెట్ మూయలేదో పట్టేస్తుంది.

పైథాన్‌లో బ్రాకెట్ల పనిని వరుస మొదట్లో వదిలే ఖాళీ చేస్తుంది. ఖాళీ కంటికి ఇట్టే కనబడుతుంది, మరి చెవికి? ఎన్‌వీడీఏలో ఒక అమరిక ఉంది. వరుస ఎంత లోపలికి జరిగితే అంత హెచ్చు స్థాయిలో చిన్న స్వరం మోగుతుంది. ఎన్ని ఖాళీలున్నాయో మాటల్లో చెప్పించుకోవచ్చు, రెండూ కలిపి కూడా పెట్టుకోవచ్చు. స్వరాలకు అలవాటుపడినవారు ఒక ఫంక్షన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రాగం మారినట్టుగా గుర్తుపడతారు.

అసలు కష్టం వరుసలు చదవడంలో లేదు. చూపున్నవాడు 500 వరుసల ఫైలును పైనుంచి కిందికి ఒక్కసారి జరిపి చూస్తే దాని రూపురేఖలు తెలిసిపోతాయి. రంగులు తేడా చూపిస్తాయి, తప్పు ఉన్నచోట ఎర్రగీత కనిపిస్తుంది. చెవితో పనిచేసేవారికి ఈ విహంగవీక్షణం లేదు. ఒక వరుస తర్వాత మరో వరుసే. ఎర్రగీత పడిన సంగతి ఎవరూ చెప్పరు. ఈ ఇబ్బందులను పద్ధతిగా విడదీసి చూసినవారిలో ఒక తెలుగు పరిశోధకుడు ముందున్నారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో చదువుకున్న వెంకటేశ్ పొట్లూరికి చూపు లేదు. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో సహచరులతో కలిసి ఆయన కోడ్‌టాక్ అనే పరికరం మీద పనిచేశారు. 2018లో వెలువడిన వారి పత్రం అంధ ప్రోగ్రామర్ల ఇబ్బందులను నాలుగు రకాలుగా వర్గీకరించింది: పరికరంలో ఏయే సౌకర్యాలున్నాయో తెలియకపోవడం, కోడ్ మొత్తాన్ని ఒక్క చూపులో అందుకోలేకపోవడం, కావలసిన చోటికి వెంటనే వెళ్లలేకపోవడం, ఏదైనా జరిగినప్పుడు ఆ కబురు అందకపోవడం. విజువల్ స్టూడియోకు తోడుగా పనిచేసే కోడ్‌టాక్ ఈ నాలుగింటికీ మార్గాలు చూపింది. ఫైలులోని ఫంక్షన్ల జాబితాను మీట నొక్కగానే ముందు పెడుతుంది. తప్పు దొర్లితే శబ్దం చేస్తుంది. ప్రోగ్రాము నడుస్తుండగా ఎంచుకున్న వరుస దగ్గరకు రాగానే మాట్లాడే టాక్‌పాయింట్లు అందులో ఉన్నాయి.

తర్వాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ ఆయన బృందం డేటా సైన్స్‌లో విరివిగా వాడే జూపిటర్ నోట్‌బుక్‌లను లక్ష తీసుకుని పరిశీలించింది. వాటిలోని గ్రాఫులు, పటాలలో దాదాపు ఒక్కదానికీ మాటల్లో వివరణ లేదని 2023లో తేల్చింది. మన కళాశాలలన్నీ ఇప్పుడు ఉత్సాహంగా ప్రారంభిస్తున్న డేటా సైన్స్, ఏఐ బ్రాంచీలకు ఈ ఫలితం నేరుగా వర్తిస్తుంది. గ్రాఫు గీసే ప్రతి పాఠంలో, ఆ గ్రాఫు ఏం చెబుతోందో ఒక వాక్యం రాయించడం కష్టమా? చూపున్న విద్యార్థికి కూడా ఆ వాక్యం రాయడం మంచి అభ్యాసమే.

ఈ రంగంలో మార్పులు తెచ్చినవారిలో చాలామంది చూపులేనివారే. చూపు కోల్పోయిన టెడ్ హెంటర్ కంపెనీ 1989లో డాస్ కోసం జాస్ స్క్రీన్ రీడర్ విడుదల చేసింది. అప్పట్లో డాస్ తెర నిజమైన అక్షరాలతోనే ఉండేది కాబట్టి స్క్రీన్ రీడర్ దాన్ని చదవగలిగేది. పుణెలో పుట్టి ఐఐటీ బొంబాయిలో చదివిన టి.వి. రామన్ 1990ల మధ్యలో ఈమాక్‌స్పీక్ రూపొందించారు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించడంతో ఆగకుండా, కోడ్ నిర్మాణాన్నే గొంతులో తేడాలతో పలికించాలన్న ఆలోచన అది. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ ఎన్‌వీడీఏ మొదలుపెట్టారు, కొద్దికాలానికే జేమీ టే తోడయ్యారు. ఇద్దరూ అంధులు. జాస్ లాంటివి కొనలేని వారి కోసం మొదలైన ఆ సాఫ్ట్‌వేర్‌లో అధికభాగం పైథాన్‌లో రాసిందే. అంధులు ప్రోగ్రామింగ్ చేయగలరా అని సందేహించేవారు, అంధుల చేత కంప్యూటర్ వాడిస్తున్న ఆ ప్రోగ్రామును రాసింది ఎవరో ముందు తెలుసుకోవాలి.

పరికరాలు కూడా మెరుగుపడ్డాయి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే వీఎస్ కోడ్ స్క్రీన్ రీడర్ నడుస్తోందని తనంతట తానే గుర్తిస్తుంది. ఆల్ట్ ఎఫ్1 నొక్కితే ఏ మీటకు ఏ పనో మాటల్లో చెబుతుంది. ఎఫ్8 నొక్కితే తర్వాతి తప్పు దగ్గరకు తీసుకెళ్లి అదేమిటో చదువుతుంది. జావా నేర్పడానికి వాడే ఎక్లిప్స్ కూడా స్క్రీన్ రీడర్లతో బాగానే పనిచేస్తోంది. ఇంటెలిజె, ఆండ్రాయిడ్ స్టూడియోల్లో అమరికలలోకి వెళ్లి ఒక గడిని టిక్ చేయాలి. సి కోసం జీసీసీ కంపైలర్, కమాండ్ ప్రాంప్ట్ ఉంటే చాలు. ఏ వరుసలో ఏ తప్పు దొర్లిందో అక్షరాల్లో వస్తుంది, ఎన్‌వీడీఏ చదివేస్తుంది.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల కోణంలోంచి ఈ విషయాన్ని చూడడానికి నాకు గట్టి కారణమే ఉంది. కైకలూరు, మండవల్లి మండలాల్లోని లంక గ్రామాల్లో బతుకుతెరువు చేపల చెరువులు, వలలు, వరి చుట్టూ తిరుగుతుంది. ఆ పనులు సాగే తీరంతా చూపున్నవారికి తగ్గట్టు ఏర్పడింది. రాకపోకలూ సులువు కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలో చేరినప్పుడు లంక గ్రామాల్లో చాలావాటికి రోడ్డు మార్గమే లేకుండా పోయింది. చూపున్నవారికే ఇలా ఉన్నచోట, చూపులేని యువకుడు రోజూ బస్సెక్కి ఊరు దాటి ఉద్యోగం చేసి రావడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. ప్రోగ్రామింగ్‌లో ముడిసరుకూ అక్షరమే, తయారైన సరుకూ అక్షరమే. ఇంట్లో కూర్చుని చేయవచ్చు. నెట్ కనెక్షన్ చాలు. చెవితో చదివి చేత్తో టైపు చేసేవారికి ఇంతగా సరిపడే వృత్తి మరొకటి నాకు కనిపించదు. అలాంటి వృత్తికి మొదటి మెట్టు దగ్గరే టర్బో సి అడ్డం నిలవడం నన్ను బాధిస్తోంది.

కంటిచూపు విషయంలో ఈ నేలకు ఒక ఘనత ఉంది. సినీ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టారు. హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన కంటి ఆసుపత్రికి ప్రసాద్ కుటుంబం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. అందుకే దానికి ఆయన పేరు. ఆ సంస్థ చూపు తెప్పించే వైద్యంతో ఊరుకోలేదు. వైద్యంతో చూపు రానివారికి పునరావాస శిక్షణ ఇవ్వడాన్ని కూడా తన బాధ్యతగా పెట్టుకుంది. ఆసుపత్రి అంతదూరం నడిపించి పంపిన విద్యార్థి కళాశాల ల్యాబులో ఆగిపోకూడదు.

ఆగిపోవడం ఎలా ఉంటుందో శ్రీకాంత్ బొల్లా కథలో తెలుగువారు ఇప్పటికే చూశారు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన ఆయనకు పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు తీసుకునే వీలు లేదన్నారు. పటాలు, గ్రాఫులు ఉంటాయి కనుక చూపులేనివారికి కుదరదన్నది అప్పటి వాదన. ఆయన కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకున్నారు. పాఠ్యపుస్తకాలను ఆడియోగా వింటూ చదివి 98 శాతం మార్కులు సాధించారు, అమెరికాలోని ఎంఐటీలో చేరారు, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ ప్రారంభించారు. 2024లో ఆయన జీవితం సినిమాగా కూడా వచ్చింది. సినిమా చూసి చప్పట్లు కొట్టినవారిలో ఎందరు తమ కళాశాల ల్యాబులో స్క్రీన్ రీడర్ పనిచేస్తుందో లేదో పరీక్షించి చూశారు? ఒక్కొక్కరూ కోర్టు దాకా వెళ్లి గెలిస్తే తప్ప తెరుచుకోని తలుపును తలుపు అనలేం.

మన విద్యార్థికి ఎదురయ్యే మరో చిక్కు గురించి ఎక్కడా పెద్దగా రాయరు. అది భాష. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లకు కంపైలర్ చెప్పే తప్పులన్నీ ఇంగ్లీషులో వస్తాయి. చూపున్న విద్యార్థి ఆ వాక్యాన్ని పదిసార్లు చూసి, పదాలు విడదీసుకుని, పక్కవాణ్ని అడిగి అర్థం చేసుకుంటాడు. చూపులేని విద్యార్థిని అదే వాక్యాన్ని యాంత్రికమైన గొంతులో, పరాయి ఉచ్చారణలో, వేగంగా వినాలి. స్పెల్లింగ్ కోసం అక్షరమక్షరం వెనక్కి వెళ్లాలి. తెలుగు వివరణల మధ్య ఇంగ్లీషు కోడ్ ఉన్న నోట్సు ఇస్తే, ఒక లిపి నుంచి మరో లిపికి వచ్చినప్పుడు గొంతు మార్చుకోవడం అన్నిసార్లూ సాఫీగా జరగదు. ఇక ఆ నోట్సు అను ఫాంట్లలో ఉంటే చెప్పేదేముంది! ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. తెర మీద చక్కని తెలుగు కనిపిస్తుంది, స్క్రీన్ రీడర్‌కు మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట అందుతుంది. ఫొటోకాపీని స్కాన్ చేసి వాట్సాప్‌లో పంపే పీడీఎఫ్‌లో ఆ గుట్ట కూడా ఉండదు.

తెలుగు పలికే గొంతులు లేవా అంటే ఉన్నాయి. ఎన్‌వీడీఏతో పాటు వచ్చే ఈస్పీక్‌లో తెలుగు ఉంది. ఐఐటీ మద్రాసు నాయకత్వంలో, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా పాల్గొన్న ప్రాజెక్టు తెలుగు సహా భారతీయ భాషలకు గొంతులు తయారుచేసి స్క్రీన్ రీడర్లతో కలిపింది. నోట్సును యూనికోడ్‌లో ఇస్తే అవి చదువుతాయి. అధ్యాపకులు చేయవలసింది అంతే.

తరగతి గదిలో ఇంతకన్నా తేలికైన పని ఒకటుంది. బోర్డు మీద కోడ్ రాస్తూ 'ఇది ఇక్కడికి వెళ్తుంది, దీన్ని దాంతో కలుపుతాం' అని చెబితే చూడలేని విద్యార్థికి ఏమీ అందదు. రాస్తున్నదాన్ని అలాగే పైకి చదవాలి. వెనక బెంచీలో కూర్చున్నవారికి కూడా అది మేలే.

పరీక్షల దగ్గర మనవాళ్లు చెప్పింది రాసిపెట్టే స్క్రైబును ఇచ్చి బాధ్యత తీరిందనుకుంటారు. చరిత్ర, అర్థశాస్త్రం పేపర్లకు అది సరిపోవచ్చు. ప్రోగ్రామింగ్ ల్యాబ్ పరీక్షకు స్క్రైబు అంటే అర్థం లేదు. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు, అభ్యర్థి తానే తెచ్చుకునే స్క్రైబు విద్యార్హత అతనికన్నా ఒక మెట్టు తక్కువగా ఉండాలన్నాయి. అంటే చాలావరకు కోడ్ తెలియని మనిషే. అతనికి ప్రతి బ్రాకెట్, ప్రతి ఖాళీ చెప్పి రాయించి, ఆ కాగితాన్ని తిరిగి చదివించుకోవడానికే సమయం అయిపోతుంది. తప్పులు దిద్దుకోవడం ప్రోగ్రామింగ్‌లో సగం పని, కాగితం మీద దానికి చోటే లేదు. అవే మార్గదర్శకాలు వీలైనంతవరకు కంప్యూటర్ మీద పరీక్ష రాసే వెసులుబాటు ఇవ్వాలని, అలా రాసేవారిని ముందురోజే ఆ కంప్యూటర్‌ను పరిశీలించుకోనివ్వాలని కూడా చెప్పాయి. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలన్నాయి. ఈ అంశాలను పరీక్షల విభాగాలు స్క్రైబు నిబంధన అంత శ్రద్ధగా పట్టించుకోవాలి.

చట్టం బలంగానే ఉంది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించమంటోంది. 2015లో తాడేపల్లిగూడెంలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐటీకి కూడా ఇది వర్తిస్తుంది. సీటు ఇచ్చాక చదువుకునే సాధనం కూడా ఇవ్వాలి కదా. అయితే పుస్తకాలు, సహాయక పరికరాలు ఉచితంగా అందించాలన్న నిబంధన 18 ఏళ్ల వయసు దాకానే ఉంది. బీటెక్ మొదటి సంవత్సరం ముగిసేసరికి విద్యార్థి ఆ రక్షణ దాటిపోతాడు. ఇది చట్టంలో లోపమేనని నా అభిప్రాయం.

2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట తేల్చింది. ఈ చట్టం కింద చేసిన నియమాల్లో, అందుబాటు ప్రమాణాలను సలహాలుగా వదిలేసిన 15(1) నిబంధన చట్టానికి విరుద్ధమని కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని ఆదేశించింది. దేశంలో పరిస్థితి ఎలా ఉందో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రమే. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కులో భాగమేనంది. బ్యాంకు కేవైసీకి కెమెరా ముందు కన్ను ఆర్పమని అడిగితే ఆర్పలేనివారి గతేమిటన్న ప్రశ్న నుంచి పుట్టిన తీర్పు అది.

ప్రాంగణ నియామకాల్లో అదే కెమెరా ఎదురవుతోంది. ఆన్‌లైన్ కోడింగ్ పరీక్షల్లో నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్లు కొన్ని, చూపు తెర మీద నుంచి పక్కకు తిరిగితే హెచ్చరిస్తాయి. పక్కన మరో గొంతు వినిపిస్తే అనుమానిస్తాయి. వేరే ప్రోగ్రాము నడుస్తుంటే మూసెయ్యమంటాయి. చూపులేని అభ్యర్థి తెర వైపు చూడడు, అతని పక్కన గొంతు వినిపిస్తూనే ఉంటుంది, ఆ వేరే ప్రోగ్రాము స్క్రీన్ రీడరే. నిజాయతీగా పరీక్ష రాస్తున్నవాడు కాపీ కొడుతున్నట్టు లెక్కలోకి వస్తాడు. ప్లేస్‌మెంట్ అధికారులు కంపెనీని పిలిచేటప్పుడే ఈ సంగతి అడగాలి. వేరే ఏర్పాటు లేకపోతే ఆ అభ్యర్థికి మనిషి పర్యవేక్షణలో పరీక్ష పెట్టమని పట్టుబట్టాలి.

'పదేళ్లకు ఒక్కరు వస్తారో రారో, వారి కోసం ల్యాబ్ అంతా మార్చాలా?' అనేది నేను ఎక్కువగా విన్న అభ్యంతరం. 2011 జనగణన ప్రకారం దేశంలో చూపు సమస్య ఉన్నవారు 50 లక్షలకు పైనే. ల్యాబు పలకదని తెలిసిన విద్యార్థి ఆ బ్రాంచి ఎంచుకోనే ఎంచుకోడు. రాలేదు కనుక అవసరం లేదనడం న్యాయం కాదు. పైగా టర్బో సి పోతే చూపున్నవారికే ఎక్కువ లాభం. అందులో పూర్ణాంకం రెండు బైట్లే, 32,767 దాటితే లెక్క తప్పుతుంది. సి ప్లస్ ప్లస్‌లో అది నేర్పే హెడర్ ఫైళ్ల పేర్లు నేటి కంపైలర్లకు మింగుడుపడవు. అక్కడ నేర్చుకున్నది ఉద్యోగంలో చేరిన రోజే మరిచిపోవలసి వస్తుంది.

ఈ ప్రాంతంలో ఇంజనీరింగ్ కళాశాలలు ఎక్కువగా కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలో, డిగ్రీ కళాశాలలు రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్నాయి. ప్రోగ్రామింగ్ ల్యాబుకు సిలబస్ రాసేటప్పుడు, వాడే ఎడిటర్, కంపైలర్ ఎన్‌వీడీఏతో పనిచేయాలన్న ఒక్క షరతును ఈ రెండు విశ్వవిద్యాలయాల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులు చేర్చవచ్చు. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలు ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ కంప్యూటర్ సైన్స్ విభాగం తలచుకుంటే ల్యాబు పరికరాలను మానిటర్ ఆపేసి, మౌస్ తీసేసి, ఎన్‌వీడీఏతో ఒక మధ్యాహ్నం పరీక్షించి, ఏది పనిచేస్తుందో ఏది చేయదో చుట్టుపక్కల కళాశాలలకు జాబితాగా ఇవ్వగలదు. ఆ పరీక్షకు ఒక స్క్రీన్ రీడర్ వాడే ప్రోగ్రామర్‌ను పిలిచి, ఆయన సమయానికి తగిన పారితోషికం ఇస్తే ఆ జాబితా మీద మరింత నమ్మకం కుదురుతుంది.